99 ఫ్లాట్లా, 120 ఫ్లాట్లా? న్యూయార్క్ పన్ను మినహాయింపు వెనక కూలి లెక్క

అడిగింది ఇదీ: న్యూయార్క్ క్వీన్స్‌లో, జమైకా దగ్గర ఒక స్థలం. తొమ్మిది తెలుగు కుటుంబాలు తలా కొంత వేసుకుని కొన్నాయి. అద్దెల బిల్డింగు కట్టి, ప్రాపర్టీ ట్యాక్స్ మినహాయింపు తీసుకోవాలని ఆలోచన. ఆర్కిటెక్టు 120 ఫ్లాట్లు పడతాయంటున్నాడు. కాంట్రాక్టరేమో "99 దాటారంటే గంటకు 40 డాలర్ల కూలి మెడకు చుట్టుకుంటుంది, పన్నులో మిగిలింది మొత్తం కూలికే పోతుంది, 99 దగ్గర ఆపేయండి" అంటున్నాడు. భాగస్వాముల్లో సగం మంది అటు, సగం మంది ఇటు. ఎవరి మాట వినాలి?

నేను లాయర్ని కాను. పద్దెనిమిదేళ్లుగా ఈ ఊళ్లో బిల్డింగు పనుల పేరోల్ చూస్తున్నాను. మొదట ఒక ఎలక్ట్రికల్ సబ్‌కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాగా చేరాను, తర్వాత ఓనర్ల తరఫున సబ్‌కాంట్రాక్టర్లు పంపే పేరోల్ కాగితాలు తనిఖీ చేసే పనిలోకి వచ్చాను. మా నాన్న ఒంగోలులో మేస్త్రీ. శనివారం సాయంత్రం బట్వాడా రోజున మస్టరు పట్టుకుని ఆయన పక్కన కూర్చున్న అనుభవమే ఇక్కడ నాకు అన్నం పెట్టింది. అందుకని చట్టం సంగతి కాస్త క్లుప్తంగా, కూలి లెక్క కాస్త వివరంగా చెబుతాను.

మీ కాంట్రాక్టరు చెప్పిన అంకె నిజమే. దాన్నుంచి ఆయన తేల్చింది మాత్రం సగమే నిజం.

ఈ కూలి షరతు ఎక్కడి నుంచి వచ్చిందో రెండు ముక్కల్లో చెబుతాను. అది తెలియకపోతే 99 అనే అంకె ఆకాశం నుంచి ఊడిపడ్డట్టుంటుంది. న్యూయార్క్‌లో కొత్త అద్దెల బిల్డింగులకు ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గించే 421-ఎ పథకం 1971లో మొదలైంది. అప్పట్లో జనం ఊరు వదిలిపోతున్నారు, కట్టేవాడే లేడు. తర్వాత రోజులు మారి ఊరు కళకళలాడాక, "ఇంత పన్ను వదిలేస్తున్నాం కదా, జనానికి ఏం ముడుతోంది" అన్న ప్రశ్న వచ్చింది. ఒక జవాబు తక్కువ అద్దె ఫ్లాట్లు. రెండో జవాబు కూలి. 2015లో రాష్ట్ర శాసనసభ ఒక విచిత్రమైన మెలిక పెట్టింది: పథకం కొనసాగాలంటే కట్టేవాళ్ల సంఘం, భవన నిర్మాణ కార్మిక సంఘాల సమాఖ్య కలిసి కూలి మీద ఒప్పందానికి రావాలి. వాళ్లకు కుదరలేదు. 2016 జనవరిలో పథకం ఆగిపోయింది. కూలి రేటు దగ్గర పట్టు పట్టి ఇంత పెద్ద పన్ను పథకాన్నే ఆపేసిన సందర్భం నాకు తెలిసి మరొకటి లేదు.

2017 ఏప్రిల్లో, క్యూమో గవర్నరుగా ఉన్నప్పుడు, అది కొత్త రూపంలో తిరిగొచ్చింది. 300 ఫ్లాట్లు, ఆ పైన ఉంటే, మాన్‌హాటన్‌లో 96వ వీధికి దిగువన సగటున గంటకు 60 డాలర్లు. బ్రూక్లిన్, క్వీన్స్ తీరం వెంబడి కొన్ని ప్రాంతాల్లో సగటున 45 డాలర్లు. ఆ పథకం 2022 జూన్ 15న ముగిసింది. రెండేళ్ల ఖాళీ తర్వాత 2024 ఏప్రిల్లో, గవర్నరు హోకుల్ హయాంలో, దాని స్థానంలో 485-ఎక్స్ అనే పథకం వచ్చింది. మీకు వర్తించేది ఇదే. 2034 జూన్ 15 లోపు పని మొదలుపెట్టిన బిల్డింగులకు ఇది ఉంటుంది.

ఇందులో గీతలు రెండు. 100 ఫ్లాట్లు, ఆ పైన ఉంటే సైటు మీద పనిచేసే ప్రతి కార్మికుడికీ కూలి, ప్రయోజనాలు కలిపి గంటకు కనీసం 40 డాలర్లు. ఏటా జులై 1న రెండున్నర శాతం పెరుగుతుంది. అంటే 2025 జులైలో 41, 2026 జులైలో 42 పైచిలుకు. 150, ఆ పైన ఉండి, స్థలం చట్టంలో జోన్ ఎ లేదా జోన్ బి అని రాసిన ఖరీదైన ప్రాంతాల్లో ఉంటే మొదటిదానికి 72.45, రెండోదానికి 63 డాలర్లు, లేదా ఆ పనికి ఆ ప్రాంతంలో నడుస్తున్న కూలిగా ప్రభుత్వం ప్రకటించే ప్రివెయిలింగ్ వేజ్‌లో నిర్ణీత శాతం, రెండింట్లో ఏది తక్కువైతే అది. మీది 120 కాబట్టి ఈ రెండో గీత జోలికి వెళ్లనక్కర్లేదు.

గమనించారో లేదో, 2017లో ఉన్న "సగటు" అనే మాట ఈ 40 దగ్గర లేదు. ఈ ఒక్క మాట తేడా ఎంతో చూడండి. సగటు ఉన్న రోజుల్లో క్రేను నడిపే యూనియన్ మనిషి గంటకు 110 చొప్పున పది గంటలు, రోజుకూలి హెల్పర్ గంటకు 24 చొప్పున ముప్ఫై గంటలు చేశారనుకోండి. 1,100కి 720 కలిపితే 1,820. నలభై గంటలకు పంచితే 45 డాలర్ల 50 సెంట్లు. షరతు నెరవేరింది! హెల్పర్ జేబులోకి ఒక్క డాలరు కూడా ఎక్కువ రాలేదు. ఇది మోసం కాదు, చట్టం ఒప్పుకున్న లెక్కే. అందుకే 2024లో అట్టడుగు మనిషిని పట్టుకుని గీత గీశారు. నాకు ఇదే సబబుగా అనిపిస్తుంది. కానీ దీనివల్ల ఒక బాధ కూడా వచ్చింది. సగటు పద్ధతిలో కాస్త అటూ ఇటూ సర్దుకునే వీలుండేది, ఇప్పుడు మీ సైటులో చెత్త ఎత్తే మనిషి కాగితం తప్పినా తప్పు తప్పే.

ఇక మీ లెక్క. అంకెలు నావి, ఊహించి వేసుకున్నవి. మీ అంకెలు పెట్టి మళ్లీ కట్టుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

120 ఫ్లాట్ల బిల్డింగుకు సైటు మీద మొత్తం 1,20,000 పని గంటలు అనుకుందాం. ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, లిఫ్టు పెట్టేవాళ్లు ఎలాగూ 40 దాటే తీసుకుంటారు. తక్కువ తీసుకునేది సెంట్రింగ్ సహాయకులు, జిప్సం పలకలతో గోడలు బిగించే డ్రైవాల్ వాళ్లు, రంగులవాళ్లు, సైటు శుభ్రం చేసేవాళ్లు. గంటల్లో 45 శాతం వీళ్లవనుకుంటే 54,000 గంటలు. ఒక్కో గంటకు సగటున 10 డాలర్ల లోటు పూడ్చాలంటే 5,40,000 డాలర్లు. అక్కడితో అయిపోదు. కూలి పెరిగితే పేరోల్ పన్నులు, ఇన్సూరెన్సు ప్రీమియం కూడా పెరుగుతాయి. న్యూయార్క్‌లో వర్కర్స్ కాంపెన్సేషన్, అంటే పనిలో గాయపడ్డవాళ్లకు పరిహారమిచ్చే బీమా, ఎంత భారమో ఇక్కడ పని చేయించినవాళ్లకు తెలుసు. దానికో 30 శాతం వేస్తే మరో 1,62,000. మొత్తం 7,02,000 డాలర్లు. మీ కాంట్రాక్టరు చూపించే అంకె దీనికి రెట్టింపు ఉంటే, ఎలక్ట్రీషియన్ల గంటలు కూడా అందులో కలిపేశారేమో అడగండి.

ఆ లెక్క అక్కడితో ఆపేస్తే 99 బాగుందనిపిస్తుంది. కానీ 99 ఫ్లాట్లకు వచ్చే మినహాయింపు, 120కి వచ్చే మినహాయింపు ఒకటి కావు. ఈ సంగతి మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. 99 లోపు ఉంటే 20 శాతం ఫ్లాట్లు తక్కువ అద్దెకివ్వాలి. మొదటి 25 ఏళ్లు పూర్తి మినహాయింపు, తర్వాత పదేళ్లు ఆ తక్కువ అద్దె ఫ్లాట్ల శాతం మేరకే, అంటే సుమారు 20 శాతమే. 100, ఆ పైన అయితే 25 శాతం ఫ్లాట్లు తక్కువ అద్దెకివ్వాలి, కానీ 35 ఏళ్లూ పూర్తి మినహాయింపు. రెండింట్లోనూ ఆ ఫ్లాట్లకు అర్హమైన ఆదాయం సగటున ఏఎంఐలో, అంటే ఈ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో, 80 శాతం దాటకూడదు. ఆ ఫ్లాట్లు ఎప్పటికీ రెంట్ స్టెబిలైజేషన్ (అద్దె ఎంత పెంచొచ్చో ప్రభుత్వమే నిర్ణయించే పద్ధతి) కిందే ఉంటాయి. 35 ఏళ్లయ్యాక మన చేతికొస్తాయి అనుకుని ఎవరైనా లెక్క కడుతుంటే ఆ వరుస కొట్టేయండి.

ఇప్పుడు ఆ చివరి పదేళ్ల విలువ చూద్దాం. ఫ్లాటుకు ఏటా 6,000 డాలర్ల పన్ను అనుకుంటే 120కి 7,20,000. అందులో 99 ఫ్లాట్ల పద్ధతిలో దక్కని 80 శాతం, అంటే ఏటా 5,76,000 చొప్పున పదేళ్లు. అంత దూరాన వచ్చే డబ్బును ఇవాళ్టి విలువకు తేవాలి కదా, 7 శాతం చొప్పున కోస్తే సుమారు 7,45,000 డాలర్లు. కూలికి మీరు అదనంగా పెట్టేది ఎంత? 7,02,000. దాదాపు చెల్లుకు చెల్లు. నేను మొదటిసారి ఇలా వేసి చూసినప్పుడు ఎక్కడో తప్పు చేశానని మళ్లీ కట్టాను. వడ్డీ 9 శాతం వేసుకుంటే ఇది బాగా పడిపోతుంది, అదీ చెప్పాలి. ఇరవై అయిదేళ్ల తర్వాతి డబ్బుకు మీ గుంపు ఎంత విలువిస్తుందన్నది మీలో మీరు తేల్చుకోవాలి. తొమ్మిది మందిలో అరవై దాటినవాళ్లుంటే వాళ్ల జవాబు వేరుగా ఉంటుంది, తప్పేమీ లేదు.

కూలి కంటే జాగ్రత్తగా చూడాల్సింది ఆ అయిదు శాతం. 120లో 25 శాతమంటే 30 ఫ్లాట్లు. 20 శాతమే అయితే 24 ఉండేవి. ఆరు ఫ్లాట్లు ఎక్కువ. మార్కెట్ అద్దెకూ వీటి అద్దెకూ నెలకు 500 తేడా ఉంటే ఏటా 36,000, ముప్ఫై అయిదేళ్లకు ఇవాళ్టి విలువలో సుమారు 4,66,000. జమైకాలో తేడా ఈ మాత్రమే అనుకున్నాను. అదే లాంగ్ ఐలండ్ సిటీ అయితే ఈ తేడా రెండు మూడింతలై కూర్చుంటుంది, లెక్క తిరగబడుతుంది. అన్నీ కలిపితే కూలి 7,02,000, అద్దె లోటు 4,66,000, అందులోంచి పన్ను లాభం 7,45,000 తీసేస్తే 4,23,000. దీన్ని 99 పైన వచ్చే 21 ఫ్లాట్ల మీద పంచితే ఫ్లాటుకు 20,000 చిల్లర. న్యూయార్క్‌లో ఒక ఫ్లాటు కట్టడానికి అయ్యే ఖర్చులో ఇది మునిగిపోయేంత అంకె కాదు.

ఎదురు వాదన కూడా పెట్టాలి. 99లో 20 తక్కువ అద్దెవి పోగా మార్కెట్ అద్దెవి 79. 120లో 30 పోగా 90. అంటే 21 ఫ్లాట్లు ఎక్కువ కట్టి, మార్కెట్ అద్దె ఫ్లాట్లు సంపాదించేది 11 మాత్రమే. 105 ఫ్లాట్లే పట్టే స్థలమైతే నేను కళ్లు మూసుకుని 99 అనేవాణ్ని. 27 పోగా 78, అంటే ఆరు ఫ్లాట్లు అదనంగా కట్టి ఒక మార్కెట్ ఫ్లాటు పోగొట్టుకున్నట్టు. 130, 140 పట్టే స్థలమైతే వెనక్కి తిరిగి చూడొద్దనేవాణ్ని. 120 సరిగ్గా మధ్యలో పడింది, అందుకే మీలో మీకు తగువు. 485-ఎక్స్ వచ్చాక ఊళ్లో సరిగ్గా 99 ఫ్లాట్ల దరఖాస్తులు గుట్టలుగా పడటం వార్తల్లో చూసే ఉంటారు. 150 కట్టగలిగిన చోట కూడా 99 దగ్గర ఆపుతున్నారు. ఇళ్లు చాలడం లేదని తెచ్చిన చట్టం ఇళ్ల సంఖ్యకే కత్తెర పెట్టినట్టయింది. తప్పు కూలి షరతుది అని నేననను. ఒకే ఒక్క ఫ్లాటు తేడాతో మొత్తం భారం మీద పడేలా గీత గీసినవాళ్లది. 100వ ఫ్లాటు నుంచి మెల్లగా పెరిగేలా మెట్లు పెట్టి ఉంటే ఇంత వెర్రి ఉండేది కాదు.

స్థలాన్ని రెండుగా చీల్చి అరవై అరవై కట్టేద్దామని మీలో ఎవరో ఇప్పటికే అనుకుంటూ ఉంటారు. అలా చేస్తున్నవాళ్లు ఉన్నారు. రెండు మెట్లదారులు, రెండు లిఫ్టులు, రెండు బాయిలర్ గదులు, రెండు దరఖాస్తులు. ఒక 120 బిల్డింగుకు ఇది ఖర్చు మిగల్చదు, పెంచుతుంది. ఇల్లు ఒక్కటే, తలుపులు రెండు అన్నట్టు కాగితం మీద మాత్రమే చీలిస్తే రేపు తనిఖీలో ఏమవుతుందో లాయర్ని అడగండి. నేనైతే ఆ దారి పట్టను.

ఇప్పుడు అసలు సంగతి. మీ కాంట్రాక్టరు 99 అనడానికి కారణం ఆ 40 డాలర్లేనని నేను నమ్మను. కూలి పెరిగితే ఆయన కోట్‌లో పెరుగుతుంది, కట్టేది మీరు. ఆయన భయం కాగితం గురించి. 100, ఆ పైన అయితే ప్రతి సబ్‌కాంట్రాక్టరు సర్టిఫైడ్ పేరోల్ ఇవ్వాలి: ప్రతి మనిషి పేరు, ఏ పని, ఏ రోజు ఎన్ని గంటలు, రేటెంత, ప్రయోజనాలెంత, చేతికి ఎంత. కింద సంతకం పెట్టి ఇది నిజమని ప్రమాణం చేయాలి. కొందరు సబ్‌కాంట్రాక్టర్లకు ఆ సంతకం పెట్టడమంటే ప్రాణసంకటం. ఎందుకో ఒక అనుభవం చెబుతాను.

2019లో బ్రూక్లిన్ తీరం వైపు ఒక పెద్ద సైటు, 300 దాటిన ఫ్లాట్లు, సగటు 45 డాలర్ల షరతు. నేను ఓనరు తరఫున పేరోల్ చూస్తున్నాను. ఒక గురువారం సాయంత్రం సైటు మీద ట్రైలర్ ఆఫీసులో కూర్చుని డ్రైవాల్ సబ్‌కాంట్రాక్టరు కాగితాలు తిరగేస్తున్నా. పదకొండు మంది. ప్రతి ఒక్కరూ సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు సరిగ్గా ఎనిమిది గంటలు. వారానికి నలభై. ఒక వారం కాదు, వరసగా మూడు వారాలు, అందరికీ అదే. మనుషులు అలా పనిచేయరు. ఒకడికి జ్వరం వస్తుంది, ఒకడు ఆలస్యంగా వస్తాడు, ఒకడు పిల్లాడి స్కూలుకని మధ్యాహ్నం వెళ్లిపోతాడు. పైగా ఆ మూడు వారాల్లో ఒక బుధవారం సిటీ వాళ్లు స్టాప్ వర్క్ ఆర్డర్ ఇచ్చి సైటు మూసేశారు. ఆ రోజు గేటు తాళం తీయలేదు. కాగితం మీద మాత్రం పదకొండు మందికీ ఎనిమిదేసి గంటలు!

గేటు దగ్గర సంతకాల పుస్తకం తెప్పించాను. మిగతా రోజుల్లో లోపలికి 6:50, బయటికి 5:40. నలభై గంటలకు చెక్కు, మిగిలిన గంటలకు తక్కువ రేటుతో నగదు, ఓవర్‌టైమ్ మాటే లేదు. మర్నాడు ఉదయం లిఫ్టు నడిపే ఆయన్ను స్పానిష్‌కు సాయం పెట్టుకుని వాళ్లలో ఒకతన్ని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చొక్కా జేబులోంచి అగ్గిపెట్టెంత నోటుబుక్కు తీశాడు. తేదీ, గంటలు, ఇచ్చిన డబ్బు, అన్నీ పెన్సిల్‌తో. మా నాన్న సైట్లలో కూలీలు గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకునేవాళ్లు, మేస్త్రీ మస్టరు మీద నమ్మకం లేక. ఆ గీతలు గుర్తొచ్చాయి. మా నాన్న మస్టరు కూడా అన్ని వారాలూ సరిగ్గా ఉండేదని నేను ప్రమాణం చేయలేను.

ఆ సబ్‌కాంట్రాక్టరు చివరికి తేడా కట్టాడు. కానీ ఓనరు బిల్లులు ఆపాడు, పని ఆరు వారాలు నిలిచింది. ఆ ఆరు వారాల వడ్డీ ఆ తేడాకు ఎన్నో రెట్లు. ఇలాంటి చోట్ల నేను చూసింది ఇదే: కూలి ఎక్కువివ్వడం వల్ల మునిగినవాళ్లు తక్కువ, కాగితం సరిగా లేక ఆగిపోయినవాళ్లు ఎక్కువ.

కాబట్టి 120కి వెళ్తే మొదటి రోజు నుంచే కొన్ని పెట్టుకోండి. గేటు దగ్గర కార్డుతోనో ముఖంతోనో పనిచేసే టైమ్ మెషిన్, సబ్‌కాంట్రాక్టరు సొంత మనిషి రాసే పుస్తకం కాదు. ప్రతి సబ్‌కాంట్రాక్టులో, వాళ్ల కింది వాళ్ల కాంట్రాక్టుల్లోనూ, కూలి షరతు రాయించండి, పేరోల్ ఇవ్వకపోతే బిల్లు ఆగుతుందని రాయించండి. వారం వారం పోల్చి చూసే మనిషి ఒకరు కావాలి. ఏడాది చివర చూద్దాంలే అనుకుంటే అప్పటికి ఆ డ్రైవాల్ కంపెనీ పేరే మారిపోయి ఉంటుంది, తేడా మీ నెత్తిన పడుతుంది. ఇంకొకటి: 40 డాలర్లలో ప్రయోజనాలు కలుస్తాయన్నాను కదా, అంటే ఆరోగ్య బీమా, పెన్షన్, సెలవు, అప్రెంటిస్ శిక్షణ లాంటివాటికి యజమాని కట్టేది. చట్టప్రకారం ఎలాగూ కట్టాల్సిన పేరోల్ పన్నులు, కాంపెన్సేషన్ ప్రీమియం ఇందులో కలిపి 40 చూపించే తెలివితేటలు ప్రతి రెండో సైటులో చూశాను. ఒప్పుకోవద్దు.

ఇప్పటిదాకా చెప్పిన కూలి రెండేళ్లలో అయిపోతుంది. మీ తొమ్మిది మందిలో ఒక్కరూ అడగనిది, ముప్ఫై అయిదేళ్లు నడిచేది వేరే ఉంది. బిల్డింగు తయారయ్యాక అందులో పనిచేసే సూపర్ (బిల్డింగు బాగోగులు చూసే మనిషి), పోర్టర్ (శుభ్రం చేసే మనిషి), డోర్‌మ్యాన్, సెక్యూరిటీ, వీళ్లకు మినహాయింపు ఉన్నన్నాళ్లూ ప్రివెయిలింగ్ వేజ్ ఇవ్వాలి. ఆ రేట్లు సిటీ లెక్కలు చూసే కంప్ట్రోలర్ ఆఫీసు ఏటా ప్రకటిస్తుంది. దీనికి గీత 100 దగ్గర లేదు, 30 ఫ్లాట్ల దగ్గర ఉంది. మీరు 99 కట్టినా తప్పదు, 120 కట్టినా తప్పదు. ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరికి ఏడాదికి 2,080 గంటలు, మార్కెట్ రేటు కంటే గంటకు 12 ఎక్కువ అనుకోండి. ఏటా 74,880. ముప్ఫై అయిదేళ్లకు, రేట్లు పెరగవనుకున్నా, 26 లక్షల డాలర్లు దాటుతుంది. ఈ ముగ్గురు 99 ఫ్లాట్లు చూసుకోగలిగితే 120 కూడా చూసుకోగలరు. ఫ్లాటుకు ఏటా 756 కాస్తా 624 అవుతుంది. అంటే ఈ కూలి షరతు 120 వైపే మొగ్గుతోంది. దీన్ని మేనేజ్‌మెంట్ కంపెనీకి అప్పగించాం, మాకేం తెలియదు అంటే కుదరదు. మినహాయింపు మీ పేరు మీద ఉంది.

ఒక జాగ్రత్త. సిటీ నుంచో రాష్ట్రం నుంచో ఇంకేదైనా గ్రాంటు, తక్కువ వడ్డీ అప్పు తీసుకునే ఆలోచన ఉంటే ముందే లాయర్ని కూర్చోబెట్టండి. 2022 నుంచి అమల్లో ఉన్న మరో రాష్ట్ర చట్టం ప్రకారం 50 లక్షల డాలర్లు దాటిన ప్రైవేటు నిర్మాణంలో ప్రభుత్వ సొమ్ము 30 శాతం దాటితే పూర్తి ప్రివెయిలింగ్ వేజ్ పడే వీలుంది. కొన్ని ఇళ్ల ప్రాజెక్టులకు, కొన్ని పన్ను రాయితీలకు అందులో మినహాయింపులున్నాయి, మీది ఎక్కడ పడుతుందో చూడటం వాళ్ల పని. అది పడిందంటే 40 గురించి మాట్లాడుకోవడమే దండగ.

మీలో ఒకరు, న్యూజెర్సీ అయితే ఈ గొడవే ఉండదట కదా అని కూడా అడిగారు. ఉంటుంది, వేరే రూపంలో. జెర్సీ సిటీలో దీర్ఘకాల పన్ను రాయితీ తీసుకునే పెద్ద ప్రాజెక్టులకు యూనియన్లతో ప్రాజెక్ట్ లేబర్ అగ్రిమెంట్ (కూలి, పని షరతులు ముందే ఖాయం చేసుకునే ఒప్పందం) చేసుకోవాలని ఊరి నిబంధన ఉండేది. కాంట్రాక్టర్ల సంఘం కోర్టుకెక్కింది. 2016లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఒక మాట చెప్పింది: ఊరు తన డబ్బుతో తన బిల్డింగు కట్టించుకుంటూ షరతు పెట్టడం వేరు, ఇంకొకరు కట్టుకునే దానికి పన్ను తగ్గిస్తూ షరతు పెట్టడం వేరు. రెండోది కొనుగోలుదారు బేరం కాదు, ప్రభుత్వం చేసే నియంత్రణ, కాబట్టి ఫెడరల్ కార్మిక చట్టాలకు లోబడే ఉండాలి అని. అందుకే ఇలాంటి చోట్ల "యూనియన్‌తోనే చేయించు" అనడం కంటే "ఇంత కూలి ఇవ్వు" అనడం కోర్టులో నిలబడటానికి తేలిక అని లాయర్లు అంటుంటారు. టెక్సస్‌లో ఉన్న మన వాళ్లకైతే లెక్కే వేరు. అక్కడ 2023లో వచ్చిన పథకం ఇళ్లకు కాదు, ఫ్యాక్టరీల్లాంటి వాటికి. స్కూలు పన్నులో రాయితీ ఇస్తుంది. షరతు కట్టే కూలీ మీద కాదు, తర్వాత ఇచ్చే ఉద్యోగాల మీద: ఆ కౌంటీలో ఆ రంగపు సగటు జీతానికి 110 శాతం దాటాలి.

ఇండియాలో మన దగ్గర ఇలాంటిదేం లేదా అని నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు. పన్ను రాయితీకి కూలి రేటు ముడిపెట్టడం ఇంటి దగ్గర నేను చూడలేదు. అక్కడున్నది 1996 నాటి సెస్సు చట్టంతో మొదలైన పద్ధతి, నిర్మాణ ఖర్చులో ఒక శాతం కార్మిక సంక్షేమ బోర్డుకు కట్టడం. డబ్బు బోర్డుకు చేరుతుంది, అక్కడి నుంచి కూలీకి చేరాలంటే అతను పేరు నమోదు చేసుకుని ఉండాలి. ఇక్కడ సొమ్ము నేరుగా పే చెక్కులోకి వెళ్తుంది, అదొక్కటే తేడా, కానీ పెద్ద తేడా.

శనివారం ఫ్లషింగ్ గుడి క్యాంటీన్‌లో మీరంతా కలుస్తున్నామన్నారు. కాంట్రాక్టరును కూడా పిలవండి. 40 డాలర్ల సంగతి ఎత్తొద్దు. డ్రైవాల్‌కు, సెంట్రింగ్‌కు, రంగులకు ఆయన ఎవరిని పెట్టుకుంటాడో అడిగి, ఆ ముగ్గురివీ పోయిన మూడు నెలల పేరోల్ రికార్డులు పేర్లు కొట్టేసి తెమ్మనండి. తెస్తే 120 గురించి మాట్లాడుకోవచ్చు. "అవన్నీ ఇప్పుడెందుకండీ" అంటే ముందు కాంట్రాక్టరును మార్చి, ఆ తర్వాత ఫ్లాట్ల సంఖ్య తేల్చుకోండి. రికార్డులు చేతికొస్తే అందరికీ రోజుకు ఎనిమిది గంటలే ఉన్నాయేమో మొదట చూడండి. అర్థం కాకపోతే అంకెలు ఇక్కడ పెట్టండి, ఆదివారం ఖాళీగానే ఉంటాను, చూసి చెబుతాను.